గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు రెండో మానిటర్: పని ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

విశాఖ ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది: "ఇంకో మానిటర్ పెట్టుకోవాలండీ, దానికి కార్డు వేయాలా?" అడిగేవాళ్లు రకరకాలు. ఒక తెర మీద ట్యాలీ, పక్క తెర మీద జీఎస్టీ పోర్టల్ తెరిచి ఉంచుకోవాలనుకునే అకౌంటెంట్లు, మధురవాడలో ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒకవైపు మేటరు, మరోవైపు పేజీ చూసుకోవలసిన డీటీపీ ఆపరేటర్లు. వీళ్లలో చాలామందికి కార్డు అక్కర్లేదు. 2011లో వచ్చిన ఇంటెల్ రెండో తరం కోర్ ప్రాసెసర్లలో ఉన్న గ్రాఫిక్సే రెండు తెరలను విడివిడిగా నడపగలదు. 2012 నాటి మూడో తరానికి ఆ సంఖ్య మూడయింది, డెస్క్‌టాప్ 12వ తరానికి నాలుగయింది. పని ఆగేది గ్రాఫిక్స్ బలం చాలక కాదు. సీపీయూ, అంటే కంప్యూటర్ పెట్టె, వెనక సాకెట్ దగ్గరో, మధ్యలో తగిలించిన కన్వర్టర్ దగ్గరో, ఫార్మాట్ కొట్టాక వేయడం మరచిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దగ్గరో ఆగుతుంది. విశాఖలో వీటికి తోడు సముద్రపు గాలి, ఎర్తింగ్ కూడా చేరతాయి.

ముందు బలం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అనవసరపు ఖర్చంతా ఈ భయం నుంచే పుడుతుంది. ఫుల్ హెచ్‌డీ తెర అంటే 1920 అడ్డంగా, 1080 నిలువుగా, మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక బొమ్మ దాదాపు 83 లక్షల బైట్లు, అంటే 8.3 ఎంబీ. దాన్ని సెకనుకు 60 సార్లు ర్యామ్ నుంచి చదివి తెరకు పంపాలి. అలా చూసినా సెకనుకు అర జీబీ. ఒకే ఒక్క డీడీఆర్4 2666 ర్యామ్ స్టిక్ సెకనుకు 21.3 జీబీ వరకు ఇవ్వగలదు. అంటే రెండో మానిటర్‌లో బొమ్మ నిలబెట్టడానికి ర్యామ్ దారిలో నూటికి రెండు మూడు వంతులు చాలు. అడ్డంగా, నిలువుగా రెట్టింపు చుక్కలుండే 4కే మానిటర్ అయితే ఇది నాలుగింతలవుతుంది, అప్పుడూ నూటికి పది దాటదు.

మరి రెండో మానిటర్ పెట్టాక నెమ్మదించిందనే మాట ఎందుకొస్తుంది? తెర పెరిగితే దాని మీద తెరిచే కిటికీలూ పెరుగుతాయి. అంతకుముందు పది ట్యాబులతో సరిపెట్టుకున్నవాళ్లు ముప్పై తెరుస్తారు, పక్కన వీడియో నడుస్తూ ఉంటుంది. 8 జీబీ ర్యామ్ నిండిపోయి, విండోస్ డిస్క్ మీదకు దింపుకోవడం మొదలెడుతుంది. దీనికి మందు రెండో ర్యామ్ స్టిక్. ఒకటున్న చోట రెండు వేస్తే చోటు పెరగడమే కాదు, డ్యుయల్ చానల్ అయి దారి కూడా రెట్టింపవుతుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే కాబట్టి దానికి ఇది నేరుగా కలిసొస్తుంది. నాలుగు స్లాట్లున్న మదర్‌బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. పక్కపక్కన పెడితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే చానల్‌లో పడతాయి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగల సెట్టింగుల్లో) గ్రాఫిక్స్‌కు కేటాయించే ర్యామ్‌ను 64 ఎంబీ నుంచి 1 జీబీకి పెంచమని కొందరు సలహా ఇస్తుంటారు. ఆఫీసు పనికి ఆ పెంపుతో ఒరిగేదేమీ లేదు. అవసరమైనప్పుడు విండోస్ తనంతట తానే ర్యామ్‌లో సగం దాకా గ్రాఫిక్స్‌కు ఇస్తుంది. బయోస్‌లో ముందే కట్టిపెట్టిన ర్యామ్ మాత్రం వేరే దేనికీ దొరకదు.

మానిటర్ కొనక ముందు చూసుకోవలసింది ప్రాసెసర్ పేరు. ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ లేదు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ సాకెట్ కనిపిస్తున్నా అది పనిచేయదు. ఏఎండీలో 5000 సిరీస్ దాకా లెక్క తిరగబడి ఉంటుంది: రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉంది, రైజెన్ 5 5600లో లేదు. 2022లో వచ్చిన రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చివర ఎఫ్ లేనివాటన్నిటిలో ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో కింద జీపీయూ 0 దగ్గర ఏ పేరుందో చూస్తే సరిపోతుంది.

తర్వాత సీపీయూను తిప్పి వెనక్కి చూడాలి. ఇక్కడ పొరపాటు ఎక్కువ జరిగేది ఆఫీసుల నుంచి తీసి బాగుచేసి అమ్మే పాత డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాపుల్లో. వీటిలో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, లేదా ఒక్కటే ఉంటుంది. పక్కనే ఒకటో రెండో డిస్‌ప్లేపోర్టులు ఉంటాయి. హెచ్‌డీఎంఐలా కనిపించి, ఒక మూల మాత్రమే కోసినట్టుండే ఇరవై పిన్నుల సాకెట్ అది. దాని కేబుల్ ఇంట్లో ఎవరి దగ్గరా ఉండదు గనక అదేదో పనికిరాని రంధ్రమనుకుని "ఒకటే పోర్టుంది, కార్డు కావాలి" అనేసుకుంటారు. నిజానికి ఆ కంప్యూటర్‌లో అన్నిటికంటే మంచి దారి అదే. కొన్ని వందల రూపాయల కేబుల్‌తో పని అయిపోతుంది. తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త: చాలా డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్ల ప్లగ్ మీద చిన్న మీట ఉంటుంది, లోపల రెండు కొక్కేలు పట్టుకుని ఉంటాయి. ఆ మీట నొక్కకుండా లాగితే కేబుల్ రాదు, సాకెట్ ఊడి వస్తుంది.

డిస్‌ప్లేపోర్ట్‌కు మరో ఉపయోగం కూడా ఉంది. ఇంటెల్ నాలుగో తరం నుంచి పదో తరం వరకు డెస్క్‌టాప్ ప్రాసెసర్ నేరుగా ఇచ్చే హెచ్‌డీఎంఐ 1.4 రకం. బోర్డు తయారీదారు అదనపు చిప్ పెడితే తప్ప అందులో 4కే బొమ్మ సెకనుకు 30 సార్లే వస్తుంది. మౌస్ కదిపితే బాణం గుర్తు ముక్కలు ముక్కలుగా ఈడ్చుకుంటూ పోతుంది. అప్పుడు "గ్రాఫిక్స్ లాగలేకపోతోంది" అంటారు, కానీ తప్పు గ్రాఫిక్స్‌ది కాదు. అదే మానిటర్‌ను డిస్‌ప్లేపోర్ట్‌కు మారిస్తే 60 వస్తుంది.

బోర్డు మీద ఉండే ముఖ్యమైన చిప్, అంటే చిప్‌సెట్, కూడా ఒక హద్దు గీస్తుంది. మన మార్కెట్‌లో బాగా అమ్ముడైన హెచ్61, హెచ్81, హెచ్110, హెచ్310 బోర్డులు ఎన్ని సాకెట్లున్నా రెండు తెరలకే పరిమితం. పాత రకం సాకెట్లయిన వీజీఏ, డీవీఐలతో పాటు హెచ్‌డీఎంఐ కూడా ఉన్న బోర్డులో మూడో మానిటర్ వెలగకపోతే అది చెడిపోవడం కాదు, ఆ బోర్డు కట్టుబాటు. రెండింటి వరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇక కన్వర్టర్ల సంగతి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూడాలి. కన్వర్టర్‌కు దిక్కు ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్‌ను తిరగేసి హెచ్‌డీఎంఐ సీపీయూకీ, డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కీ గుచ్చితే బొమ్మ రాదు. కంప్యూటర్లలోని డిస్‌ప్లేపోర్టులు చాలావరకు అవసరమైతే తామే హెచ్‌డీఎంఐ భాష మాట్లాడగలవు, అందుకే ఆ వైపు చవక కేబుల్ చాలు. హెచ్‌డీఎంఐకి ఆ నేర్పు లేదు. ఆ దిశలో వెళ్లాలంటే లోపల చిప్ ఉండి, పక్కన యూఎస్‌బీ తోకతో కరెంటు తీసుకునే ఖరీదైన కన్వర్టర్ కావాలి. షాపులో అడిగేటప్పుడు "సీపీయూ వైపు ఇది, మానిటర్ వైపు అది" అని విడమరచి చెప్పాలి. "డీపీ టు హెచ్‌డీఎంఐ" అంటే సరిపోతుందనుకుంటే పొరపాటు పడే అవకాశం ఉంది. పాత రకం చవక కన్వర్టర్లకు ఇంకో హద్దుంది: సంకేతం వేగం 165 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి. ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 60 బొమ్మలకు, 148.5 చాలు కాబట్టి బొమ్మ వస్తుంది, 75 హెర్ట్జ్ మాత్రం జాబితాలో కనపడకపోవచ్చు.

హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది కూడా చిప్ ఉన్న కన్వర్టరే. అది సాకెట్‌లోని 5 వోల్టుల పిన్ను నుంచి కరెంటు పీల్చుకుంటుంది, చేతికి గోరువెచ్చగా తగులుతుంది. పదిహేను నిమిషాలు బాగా వచ్చి తర్వాత బొమ్మ పోతుంటే ముందు దాన్నే అనుమానించాలి. డీవీఐ సాకెట్ ఉన్నవాళ్లు దాని చివరన ఉన్న పొడుగు గీతను చూడాలి. గీత చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలుంటేనే అందులో వీజీఏ సంకేతం ఉంది. అవి లేకపోతే చిన్న వీజీఏ కన్వర్టర్ అసలు దూరనే దూరదు.

స్ప్లిటర్ గురించి గట్టిగా చెప్పాలి. ఒక హెచ్‌డీఎంఐ లోపలికి, రెండు బయటికి ఉండే పెట్టెను "రెండు మానిటర్లకు" అని అమ్ముతారు. రెండింటి మీదా ఒకే బొమ్మ వస్తుంది. విండోస్‌కు అక్కడ ఒకే మానిటర్ కనిపిస్తుంది కాబట్టి ఏ సెట్టింగ్ మార్చినా అవి విడిపోవు. హోటల్లో రెండు టీవీల మీద ఒకే మెనూ చూపించడానికి అది సరైన వస్తువు, రెండు తెరల మీద రెండు పనులకు కాదు.

నిజంగానే రెండో సాకెట్ లేకపోతే యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్లున్నాయి. డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్నవి వాటి డ్రైవర్ వేస్తేనే పనిచేస్తాయి, బొమ్మను కుదించి పంపే పని ప్రాసెసర్ మీద పడుతుంది. ఎక్సెల్‌కు, మెయిల్‌కు ఢోకా లేదు; వీడియోకు, ఆటలకు వద్దు. ల్యాప్‌టాప్‌లో టైప్-సి ఉన్నంత మాత్రాన అందులోంచి బొమ్మ వస్తుందనుకోవద్దు. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, మెరుపు గుర్తో ఉంటే వస్తుంది. లేకపోతే ఆ మోడల్ వివరాలు చూశాకే కేబుల్ కొనాలి.

"పోనీ ఎందుకొచ్చిన గొడవ, చవక కార్డు ఒకటి వేసేద్దాం" అన్నా అది ముందడుగు కాకపోవచ్చు. ఇప్పటికీ దొరికే జీటీ 710 కార్డు యూట్యూబ్ వాడే వీపీ9 వీడియోను తనంతట తాను విప్పలేదు. ఇంటెల్ ఏడో తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఆ పని సులువుగా చేస్తుంది. మానిటర్‌ను ఆ కార్డుకు మారిస్తే వీడియో భారం మళ్లీ ప్రాసెసర్ మీదకు వస్తుంది. పైగా కార్డు పెట్టగానే చాలా బోర్డులు తమ సాకెట్లను ఆపేస్తాయి, అప్పటిదాకా వెలుగుతున్న మానిటర్ కూడా పోతుంది. రెండూ కలిపి వాడాలంటే బయోస్‌లోకి వెళ్లి అసూస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్, ఎంఎస్ఐలో ఐజీడీ మల్టీ మానిటర్, గిగాబైట్‌లో ఇంటర్నల్ గ్రాఫిక్స్ అనే దాన్ని ఎనేబుల్ చేయాలి. ఆటో మీద వదిలేస్తే సరిపోదు.

కేబుల్ పెట్టే పద్ధతికి వస్తే, మొదట సీపీయూ, రెండు మానిటర్లు గోడ దగ్గరే స్విచ్ ఆపాలి. ఇది చాదస్తం కాదు. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లో కరెంటు లైను నుంచి పెట్టె లోహానికి చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. వాటి ద్వారా కారే కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్తింగ్ లేని చోట ఆ పెట్టె 230లో సగం, సుమారు 115 వోల్టుల మీద నిలబడుతుంది. చెప్పుల్లేకుండా ముట్టుకుంటే జివ్వుమనేది ఇదే. ప్రవాహం చాలా తక్కువ గనక మనిషికి చురుక్కుమనడంతో పోతుంది. కానీ వేరే సాకెట్‌లో ఉన్న మానిటర్‌కు హెచ్‌డీఎంఐ గుచ్చే క్షణంలో ఆ తేడా అంతా సన్నటి పిన్ను గుండా పోతే పోర్టు కాలిపోతుంది. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా మూడో రంధ్రం వెనక వైరే లేకపోవడం కొత్తేమీ కాదు. బీచ్ దగ్గరి ఇసుక నేల నీటిని పట్టి ఉంచదు కాబట్టి వేసవిలో ఎర్త్ పిట్ ఎండిపోతుంది కూడా. టెస్టర్ సీపీయూ పెట్టె లోహానికి ఆనిస్తే వెలిగిందంటే ఎర్తింగ్ లేనట్టే, మానిటర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. సీపీయూ, రెండు మానిటర్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంటే ఈ తేడా చాలావరకు రాదు. 24 అంగుళాల ఎల్ఈడీ మానిటర్ 20 నుంచి 25 వాట్లు తింటుంది, మామూలు 600 వీఏ యూపీఎస్‌కు అది పెద్ద బరువు కాదు.

కేబుళ్లు గట్టిగా కూర్చోబెట్టాక కరెంటు ఇచ్చి, విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోవాలి. డూప్లికేట్‌లో ఉంటే రెండూ ఒకటే చూపిస్తాయి, పైగా రెండింటికీ కుదిరే తక్కువ రిజల్యూషన్‌కు దిగుతాయి. అప్పటికీ రెండోది నల్లగానే ఉంటే మానిటర్ బటన్‌తో ఇన్‌పుట్ సరిచూడాలి. వీజీఏ మీద నిలిచిపోయి హెచ్‌డీఎంఐ కోసం వెతకని మానిటర్లు చాలా ఉన్నాయి. తర్వాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవాలి. అక్కడ ఇంటెల్, ఏఎండీ పేరు లేకుండా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదు. అది ఉన్నంతసేపు రెండో తెర రాదు. తయారీదారు సైటు నుంచి డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

బొమ్మ వచ్చింది గానీ 1024, 768 దాటడం లేదంటే మానిటర్ తన వివరాలు చెప్పుకోలేకపోతోందని అర్థం. ప్రతి మానిటర్‌లోనూ తన పేరు, తను చూపగల రిజల్యూషన్లు రాసి ఉన్న కనీసం 128 బైట్ల చిట్టీ లాంటిది ఉంటుంది. వీజీఏలో అది 12, 15 పిన్నుల మీదుగా కంప్యూటర్‌కు చేరుతుంది. కేబుల్ తల తీసి వెలుతురులో చూడండి. మూడు వరుసల్లో ఐదేసి పిన్నులు. చివరి వరుసలో ఒకటి వంగి పక్కదానికి ఆని ఉంటుంది, లేదా లోపలికి కూరుకుపోయి ఉంటుంది. సన్నటి పట్టకారుతో నిదానంగా నిలబెడితే వివరాలు మళ్లీ అందుతాయి. మధ్య వరుసలో తొమ్మిదో పిన్ను లేకపోతే కంగారు పడనక్కర్లేదు, కొన్ని కేబుళ్లలో దాన్ని తయారీలోనే వదిలేస్తారు.

సముద్రపు గాలి సంగతి విశాఖవాళ్లకు కొత్తగా చెప్పాలా? లాసన్స్ బే, పెద వాల్తేరు వైపు కిటికీ గ్రిల్లును ఏం చేస్తుందో అదే గాలి కేబుల్ తలలనూ తాకుతుంది. చవక హెచ్‌డీఎంఐ కేబుళ్ల మీద బంగారు పూత పేరుకే ఉంటుంది. అది అరిగిన చోట తేమ, ఉప్పు కలిసి చిలుము పొర కడతాయి. బొమ్మ మీద తెల్లటి చుక్కలు మెరవడం, ఒక సెకను నల్లబడి మళ్లీ రావడం, కేబుల్ కదిపితే బాగవడం దాని లక్షణాలు. కరెంటు ఆపి కేబుల్‌ను నాలుగైదుసార్లు గుచ్చి తీస్తే రాపిడికి పొర చెదిరి పని జరుగుతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపిన బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టొద్దు, అవి దుమ్మును అంటిపెట్టుకుంటాయి. వాడని సాకెట్లకు రబ్బరు మూతలు పెట్టుకోవడం మంచిది. ఫ్యాన్ స్విచ్ వేసినప్పుడల్లా ఒక సెకను బొమ్మ పోతోందంటే మాత్రం చిలుము కాదు, కవచం సరిగా లేని కేబులో, ఎర్తింగ్ లోపమో చూసుకోవాలి.

ఇంట్లో ఉన్న టీవీనే రెండో తెరగా వాడుకునేవాళ్లకు రెండు మాటలు. కేబుల్ టీవీ వైరు ముందు ఊడదీసి ఆ తర్వాతే హెచ్‌డీఎంఐ గుచ్చాలి. స్తంభం మీంచి వచ్చే ఆ వైరు వేరే ఎర్త్‌ను, వానాకాలంలో పిడుగు దెబ్బను ఇంట్లోకి మోసుకొస్తుంది. ఉరుములు మొదలైతే రెండూ తీసేయాలి. టీవీలో అంచులు తెగిపోయి టాస్క్‌బార్ సగమే కనపడితే బొమ్మ సైజు సెట్టింగ్‌లో జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ పెట్టాలి. అక్షరాలు అంచుల్లో రంగులు చిమ్ముతుంటే ఆ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చాలి. నలుపు బూడిద రంగులో ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో క్వాంటైజేషన్ రేంజ్‌ను ఫుల్‌కు మార్చి చూడాలి.

అన్నీ వచ్చాక మిగిలేది సర్దుబాటు. డిస్‌ప్లే సెట్టింగుల్లో ఐడెంటిఫై నొక్కితే తెరల మీద 1, 2 అంకెలు పడతాయి. బల్ల మీద మానిటర్లు ఏ వైపు ఉన్నాయో బొమ్మలో కూడా పెట్టెలను అదే వైపుకు లాగాలి, లేకపోతే మౌస్ కుడికి పోవలసింది ఎడమ గోడకు కొట్టుకుంటుంది. ఫుల్ హెచ్‌డీ అయితే 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అంగుళానికి 141 చుక్కలు, 24 అంగుళాల మానిటర్‌లో 92. అందుకే ల్యాప్‌టాప్‌కు 125 లేదా 150 శాతం, మానిటర్‌కు 100 శాతం పెడితే అక్షరాలు ఒకే సైజులో కుదురుకుంటాయి. తెలుగు చదివేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఒత్తులూ గుడులూ చిన్నబడితే కళ్లు లాగేస్తాయి. కొనేటప్పుడు కూడా ఇదే లెక్క: 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 82 చుక్కలే కాబట్టి వత్తు అక్షరం మసకగా పడుతుంది. ఆ సైజు కావాలనుకుంటే 2560, 1440 రకం తీసుకోవాలి, 109 చుక్కలొస్తాయి. హెచ్‌డీఎంఐ పెట్టగానే సౌండు పోతే స్పీకర్ గుర్తు మీద నొక్కి పాత స్పీకర్లను మళ్లీ ఎంచుకోవాలి, విండోస్ మానిటర్‌నే స్పీకర్ అనుకుని ఉంటుంది. మానిటర్ ఆపి వేసినప్పుడల్లా కిటికీలన్నీ మొదటి తెరకు వచ్చి పడుతుంటే విండోస్ 11లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద, కిటికీలు ఉన్న చోట్లను గుర్తుంచుకోమనే మొదటి గడిలో టిక్ పెట్టాలి. ఒక్క కిటికీనే పక్క తెరకు పంపాలంటే విండోస్, షిఫ్ట్ కీలు పట్టుకుని ఆ వైపు బాణం నొక్కితే చాలు.